టకటక మేస్త్రి నల్ల పట్టీ

టకటక మేస్త్రిని ఎవరింటికి పిలిచినా ముందు కుర్చీలో కూర్చోడు. వంగి, వేలి కణుపుతో నేల మీద టకటకా రెండు దెబ్బలు కొడతాడు. గట్టి చప్పుడు వస్తే మొహం విప్పారుతుంది. డొల్ల చప్పుడు వస్తే, అంటే టైలు కింద సిమెంటు సరిగ్గా పట్టక గాలి మిగిలిపోయిందన్నమాట, ఆ ఇంటివాళ్ళ వంక జాలిగా చూస్తాడు. ఒకసారి బావమరిదిని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళి, మంచం కిందికి దూరి కొట్టి చూస్తుంటే, ఏదో పారేసుకున్నాడనుకుని పాపం నర్సు కూడా వంగి వెతికింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. పిలిచేవాళ్ళు లేక అది ఎప్పుడో మూలపడిపోయింది.

కొట్టడం ఒక్కటే అయితే ఎవరైనా సర్దుకుంటారు. ఇతను అడుగుతాడు కూడా. టైల్స్ వేయించుకుంటామని వచ్చినవాళ్ళని ఏ రంగు, ఏ సైజు అని అడగాలి కదా. అబ్బే! "మీ ఇంట్లో అందరికంటే ముందు లేచేదెవరు? లేచి ఎటు నడుస్తారు? చెప్పులతోనా, ఒట్టి కాళ్ళతోనా? తడి గుడ్డ ఎక్కడ ఆరేస్తారు?" అని మొదలుపెడతాడు. "నువ్వు టైల్స్ వేయడానికొచ్చావా, మా మీద కేసు రాయడానికొచ్చావా?" అని ఒకాయన విసుక్కున్నాడు. మేస్త్రి ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, "మీరు ఎడమ కాలు కొంచెం ఈడుస్తారు, ఎందుకండీ?" అని అడిగాడు. అతని తీరే అంత. తెలుసుకోనిదే అతనికి అన్నం సహించదు.

అతనికి జతగా పనిచేసేది భార్య. అతను టైల్స్ పరుస్తాడు, ఆవిడ వాటి మధ్య సందులు నింపుతుంది. "ఆయన పని నలుగురూ చూసేది, నా పని ఎవరి కంటా పడకూడనిది. పడిందంటే చెడినట్టే" అంటుంది ఆవిడ. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరూ ఇరుకు గదుల్లో మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ పనిచేస్తున్నారు. ఒకరికొకరు తగలకుండా పోట్లాడుకోవడం బాగా అలవాటైపోయింది.

ఇక అతని నల్ల పట్టీ సంగతి చెప్పాలి. అతను చేసిన ప్రతి స్నానాలగదిలోనూ లేత రంగు నేల చుట్టూ, తలుపు దాటగానే మొదలుపెట్టి, జానెడు వెడల్పున నిగనిగలాడే నల్ల టైల్స్ పట్టీ ఉంటుంది. ఆ పట్టీ కనబడితే చాలు, ఇది టకటక మేస్త్రి పని అని ఎవరైనా చెప్పేస్తారు. కావాలని అడిగి మరీ వేయించుకుంటారు. ఎలా తట్టింది మేస్త్రీ ఈ ఆలోచన అని ఎవరైనా అడిగితే, అన్నిటికీ ప్రశ్నలు వేసే మనిషి ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నవ్వి ఊరుకుంటాడు.

ఎందుకంటే అది ఆలోచన కాదు. సొంతంగా చేసిన మొట్టమొదటి పనిలో గది కొలిచేటప్పుడు, తలుపు చట్రం దగ్గరి నేల కూడా నేలే అన్న సంగతి మరిచిపోయాడు. చివరికి ఒక వరస టైల్స్ తక్కువొచ్చాయి. కొట్టుకు పరుగెత్తితే ఆ సరుకు అయిపోయింది, మళ్ళీ అదే రంగు రాదన్నారు. పెరట్లో ఎవరో వదిలేసిన నల్ల టైల్స్ కొన్ని పడున్నాయి. వాటిని కోసి తలుపు దగ్గర అతికించాడు. అక్కడొక్కచోటే ఉంటే దొరికిపోతానని, అంచు టైల్స్ పీకి చుట్టూతా అవే పెట్టాడు. ఇంటాయన వచ్చి నిలబడ్డాడు. మేస్త్రికి ముచ్చెమటలు పట్టాయి. "అబ్బ, బోర్డరు భలే పెట్టావే!" అన్నాడు ఇంటాయన. ఆ రోజు మూసిన నోరు మేస్త్రి ఏళ్ళ తరబడి తెరవలేదు. అప్పటికి ఈ సంగతి ఇంకొక్క మనిషికి, అంటే భార్యకి మాత్రమే తెలుసు. పోట్లాటలో ఓడిపోతున్నాననిపిస్తే ఆవిడ "తలుపు చట్రం" అని ఒక్క మాట అంటుంది. మేస్త్రి చప్పున లేచి ఏదో పనున్నట్టు బయటికి పోతాడు.

ఒక రోజు పొద్దున్నే టైపు టీచరమ్మ కొడుకు ఫోన్ చేశాడు. పన్నెండేళ్ళ క్రితం ఆ ఇంట్లో స్నానాలగది చేసింది మేస్త్రే.

"మేస్త్రిగారూ, మీరు వేసిన టైల్స్ జారుతున్నాయండీ. అమ్మ మూడుసార్లు పడింది. మొత్తం పీకేసి గరుకువి వెయ్యాలి."

జారుతున్నాయన్న మాటతో మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. చేతిలో టీ గ్లాసు అలాగే పెట్టేసి, భార్యను వెనక ఎక్కించుకుని స్కూటర్ మీద బయల్దేరాడు.

టీచరమ్మ ఒకప్పుడు ఇంటి ముందు గదిలోనే టైపు నేర్పేది. చుట్టుపక్కల ఆఫీసుల్లో సగం మంది ఆవిడ దగ్గర వేళ్ళు తిప్పినవాళ్ళే. ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. చూపు మధ్యలో మసక కమ్మేసింది. ఇంతకంటే బాగుపడదు, ఉన్నదాంతో నెట్టుకురావాలని డాక్టర్ చెప్పేశాడు. అయినా ఆవిడ బట్టలు మడత పెట్టుకుంటుంది, గ్యాస్ వెలిగించి టీ పెట్టుకుంటుంది, ఇల్లంతా తిరుగుతుంది. ఒక్క స్నానం దగ్గరే వచ్చింది చిక్కు. మూడోసారి పడ్డప్పుడు మణికట్టు విరిగింది. అప్పటినుంచి ఎనిమిది నెలలుగా తలుపు తెరిచే ఉంచి, కోడలు లోపలే నిలబడి స్నానం చేయిస్తోంది. ఇంకొక్కసారి పడితే మంచం హాల్లోకి మార్చి, పగలంతా ఒక మనిషిని పెట్టి, తడిగుడ్డతో ఒళ్ళు తుడిపించాలని కొడుకు తేల్చేశాడు. పొద్దున్న ఆరింటికల్లా స్నానం ముగించే ఆవిడ ఇప్పుడు రెండు రోజులకోసారి, "ఇవాళ ఒంట్లో బాగాలేదమ్మాయ్, రేపు చూద్దాం" అని తప్పించుకుంటోంది.

మేస్త్రి అడుగుపెట్టగానే స్నానం మాటే ఎత్తింది. "మేస్త్రీ, నాకు చూపు తెచ్చిపెట్టమనడం లేదయ్యా. తలుపేసుకుని ఒక్కదాన్నీ స్నానం చేసే దారి చూపించు, చాలు."

మేస్త్రి గదిలోకెళ్ళి ముందు టకటకలాడించాడు. ఎక్కడా డొల్ల లేదు. బకెట్ నీళ్ళు గుమ్మరించి ఒట్టి కాళ్ళతో నడిచాడు. సబ్బు నీళ్ళు పోసి నడిచాడు. మడమ పెట్టి రుద్దాడు. భార్యనూ నడిపించాడు.

"జారడం లేదే!" అన్నాడు.

"అమ్మ జారింది కదండీ" అన్నాడు కొడుకు.

"ఎక్కడ?"

కొడుకూ కోడలూ మొహమొహాలు చూసుకున్నారు. స్నానాలగదిలో అనేగానీ, ఎక్కడా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కోడలే ఆలోచించి చెప్పింది. మూడుసార్లూ గుమ్మంలోనే. లోపలికి వెళ్ళేటప్పుడే.

"పంపు తిప్పాకనా, తిప్పకముందా?"

"తిప్పకముందే. నేల పొడిగానే ఉంది."

మేస్త్రి చెవులు నిక్కబొడుచుకున్నాయి. జారేవాళ్ళు తడిలో జారాలి, స్నానం చేసి వచ్చేటప్పుడు జారాలి. ఈవిడ పొడి నేల మీద, పోయేటప్పుడు, తలుపు దగ్గరే ఎందుకు పడుతోంది? మొదటిసారి పడ్డాక ఏం చేశారని అడిగాడు. జారకుండా ఉంటుందని తలుపు దగ్గర ముదురు నీలం రంగు రబ్బరు మ్యాటు వేశారట. అది వేశాక రెండు నెలల్లోపే ఇంకో రెండుసార్లు పడిందట. మణికట్టు విరిగాక దాన్నీ తీసేశారట. ఇదేం వింత? జారకుండా మ్యాటు వేస్తే పడటం ఎక్కువవడమేమిటి?

"అమ్మా, ఒకసారి నడిచి చూపించండి" అన్నాడు.

టీచరమ్మ హాల్లోంచి నడిచింది. గోడ కూడా పట్టుకోకుండా చక్కగా నడిచింది. స్నానాలగది గుమ్మం దగ్గర ఆగింది. కుడికాలు మోకాలంత ఎత్తు లేపి, కాలవ దాటినట్టు దభీమని అవతల వేసింది. కోడలు గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"మోకాళ్ళ నొప్పులండీ" అన్నాడు కొడుకు.

మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కాలు ఈడుస్తారుగానీ అంత ఎత్తు లేపుతారా? మేస్త్రి పైకి అనలేదు. భార్య వంక ఒక్క చూపు చూశాడు. ఆవిడకు ఆ చూపు భాష కొట్టిన పిండి. "రండమ్మా, రండి బాబూ, అప్పటి టైల్స్ పెట్టె ఏదైనా మిగిలిందేమో సామాన్ల గదిలో చూద్దాం" అంటూ కొడుకునీ కోడలినీ వెంటబెట్టుకుని పోయింది.

మేస్త్రి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు. "టీచరమ్మగారూ, ఇక్కడ కాలెందుకెత్తారు?"

"ఎత్తానా?"

"ఎత్తారు."

ఆవిడ సామాన్ల గది వైపు ఓసారి చెవి పెట్టింది. తర్వాత గొంతు తగ్గించింది. "మా వాళ్ళకి చెప్పనంటే చెబుతా."

"చెప్పనండీ."

"అక్కడ నల్లగా గుంట ఉందయ్యా."

మేస్త్రి తన నల్ల పట్టీ వంక చూశాడు. చేత్తో తడిమాడు. నున్నగా, సమంగా ఉంది.

"గుంట లేదని నాకు తెలుసు" అంది టీచరమ్మ. "పన్నెండేళ్ళుగా తిరుగుతున్న గది, ఆమాత్రం తెలీదా? కానీ కాలికి తెలియదు. నేను వద్దనేలోపే అది లేచిపోతుంది. ఆ నీలం మ్యాటు వేశాక గుంట కాస్తా నుయ్యి అయి కూర్చుంది."

"మరి ఇంట్లో ఒక్క మాట చెబితే పోయేది కదండీ!"

"కళ్ళు పోయాయంటే చెయ్యి పట్టుకుంటారు. లేని గుంట కనిపిస్తోందంటే, ఈవిడకు బుర్ర పోయిందంటారు. అప్పుడు స్నానంతో ఆగుతుందా? పొయ్యి దగ్గరికి పోనిస్తారా, వీధి తలుపు తీయనిస్తారా? జారానని చెప్పడమే నయం."

గొంతుక్కూర్చున్నవాడు నేల మీద చతికిలబడ్డాడు. ఎంత గొప్పగా చెప్పుకున్నాడు ఈ పట్టీ గురించి! చూసేవాళ్ళంతా మెచ్చుకుంటుంటే ఎంత పొంగిపోయాడు! చూడలేని మనిషికి అదెలా ఉంటుందో అడగాలని ఒక్కసారైనా తోచిందా? ముందు ఎవరు లేస్తారు, ఎటు నడుస్తారు అని ఇల్లిల్లూ అడిగి, అసలు అడగాల్సింది వదిలేశాడు. సిగ్గేసింది.

"ఈ పట్టీ అసలు ఉండాల్సింది కాదండీ" అని, భార్యకు తప్ప ఎవరికీ చెప్పని ఆ కథంతా చెప్పేశాడు. మరిచిపోయిన కొలత, తక్కువొచ్చిన వరస, పెరట్లో దొరికిన నల్ల టైల్స్, ఇంటాయన మెచ్చుకోలు.

టీచరమ్మ విని విని ఒక్కసారిగా పకపకా నవ్వింది. "అంటే నువ్వు కొలత తప్పినందుకు నేను ఇక్కడ కాలవలు దాటుతున్నానా?"

"నన్ను నాలుగు తిట్టండమ్మా."

"తిడితే ఏమొస్తుంది? టైపు కొట్టేటప్పుడు తప్పు పడితే దాని మీదే మళ్ళీ కొడతామా? కాగితం తీసి వేరేది పెడతాం. తియ్యి."

తియ్యడం సరే, కొడుక్కి ఏం చెప్పాలి? గుంట మాట చెప్పకూడదు. చెప్పకపోతే, అన్నీ వదిలి ఆ పట్టీయే ఎందుకు పీకాలంటాడు. సామాన్ల గదిలోంచి వాళ్ళు తిరిగొచ్చేసరికి మేస్త్రి లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నాదే తప్పు బాబూ. ఆ నల్ల పట్టీ టైలు వెంట్రుకవాసి ఎత్తుగా పడింది. అమ్మగారి కాలు దానికే తట్టుకుంటోంది."

భార్య నోరు తెరుచుకుని ఉండిపోయింది. టైల్స్ మేస్త్రి తన పని ఎత్తుపల్లంగా ఉందని తన నోటితో ఒప్పుకోవడమంటే మాటలా? కొడుకు మొహం మాడిపోయింది. "పన్నెండేళ్ళ తర్వాతా చెప్పడం? అమ్మ చెయ్యి విరిగిందండీ! మీకో దండం, నేను వేరే మేస్త్రిని చూసుకుంటాను" అన్నాడు. మేస్త్రి తల వంచుకుని నిలబడ్డాడు.

"ఎవర్నీ చూడక్కర్లేదు" అంది టీచరమ్మ. "తప్పు చేసినవాడికే అది ఎక్కడుందో తెలుస్తుంది. ఇతనే దిద్దుతాడు." క్లాసులో చెప్పినట్టు చెప్పింది. కొడుకు సరేనని తలాడించాడు.

కోడలు మాత్రం వంగి నల్ల పట్టీ మీద అరచెయ్యి ఆనించి చూసింది. "ఇది ఎత్తుగా లేదు మేస్త్రిగారూ. రోజూ తుడిచేదాన్ని నేనే" అంది మెల్లగా. మేస్త్రి నేలచూపులు చూశాడు. ఆవిడ అతని వంక, తర్వాత అత్తగారి వంక చూసి, ఇంకేమీ అడక్కుండా లేచి చేతులు కడుక్కుంది.

స్కూటర్ వీధి మలుపు తిరిగిందో లేదో భార్య వెనక నుంచి వీపు మీద ఒక్కటి వేసింది. "వెంట్రుకవాసి ఎత్తా? సందులు నింపింది నేను! ఎత్తుంటే నా వేలికి తగలదా? ఇరవై రెండేళ్ళ పేరు ఒక్క మాటతో నేలపాలు చేశావు కదయ్యా!" మేస్త్రి స్కూటర్ పక్కకు ఆపి, ఇంట్లోవాళ్ళకి చెప్పనన్నాను గానీ నీకు చెప్పననలేదు అంటూ సంగతంతా చెప్పాడు. అంతా విన్నాక ఆవిడ, "మన ఇంట్లోనూ ఆ పట్టీయే ఉంది కదా" అంది.

ఇంటికెళ్ళగానే మేస్త్రికి కాలు నిలవలేదు. తన కళ్ళజోడుకు సబ్బు నురగ పూసి, అది ఆరి మసకబారాక పెట్టుకుని స్నానాలగది వైపు నడిచాడు. భార్య కూరలు తరుగుతూ చూస్తోంది. గుమ్మం దగ్గరకొచ్చేసరికి మేస్త్రి కాలు కోడిపుంజు కాలులా పైకి లేచింది. ఆవిడకు నవ్వాగలేదు. "నువ్వూ పెట్టుకో, తెలుస్తుంది" అని జోడు ఆవిడకిచ్చాడు. ఆవిడ నవ్వుతూనే రెండడుగులు వేసింది. పట్టీ దగ్గర గభాలున ఆగి గోడ పట్టుకుంది. నవ్వు మాయమైంది.

"ఎన్నిళ్ళల్లో వేశాం మనం?" అని అడిగింది జోడు తీస్తూ.

"వందకి దగ్గర."

ఇద్దరూ ఆ సాయంత్రం టీవీ పెట్టుకోలేదు. ఏ ఇంట్లో ముసలివాళ్ళున్నారో గుర్తు చేసుకుంటూ కూర్చున్నారు.

మర్నాడు టీచరమ్మనూ కోడలినీ టైల్స్ కొట్టుకు రమ్మన్నారు. కొట్టు అద్దాల మేడలా ఉంది. పేర్లు చూస్తే అన్నీ కొండల పేర్లూ సముద్రాల పేర్లూ. కోడలి కన్ను మెరిసిపోయే తెల్ల టైల్స్ మీద పడింది. నేలా గోడా అంతా ఒకే తెలుపు వేసి చూపించే గది ఒకటి కట్టిపెట్టారు. "ఇదైతే ఎంత శుభ్రంగా ఉంటుందో చూడండి అత్తయ్యా" అంది. టీచరమ్మ అందులోకి ఒకడుగు వేసి ఆగిపోయింది. రెండు చేతులూ ముందుకు చాచింది. "గోడ ఎక్కడ మొదలైందమ్మాయ్? పాలల్లో పడ్డట్టుంది నాకు" అంది. కోడలు చప్పున చెయ్యందించింది.

తర్వాత గోధుమ రంగు మీద నల్లని చుక్కలున్న టైల్స్ తెప్పించాడు మేస్త్రి, ఏమవుతుందో చూద్దామని. టీచరమ్మ నాలుగడుగులు నడిచి వంగింది. "ఎవరో ఏదో ఒలకబోశారు, తుడవండి" అంది. "చుక్కలు వద్దు" అని మేస్త్రి అట్టముక్క మీద రాసుకున్నాడు. కొట్టువాడు గరుకు టైలు తెచ్చి, దీని మీద ఏనుగు కూడా జారదన్నాడు. టీచరమ్మ చెప్పులు విడిచి నిలబడి, "అరికాళ్ళు చెక్కుకుపోతున్నాయి, ఇది ఏనుక్కే వెయ్యండి" అంది. దాని గరుకులో మురికి చేరితే వదిలించాల్సింది తనేనని కోడలు కూడా వద్దంది.

చివరికి ఒక మూల, ఎవరూ అడగని అరలో, అరచేతంత చిన్న చదరాలు దొరికాయి. మెరుపు లేని తేనె రంగు, అచ్చం టీచరమ్మ హాలు నేల రంగే. మేస్త్రి నాలుగు పరిచి, తన సీసాలో నీళ్ళు వాటి మీద పోశాడు. "కొనకముందే కడిగేస్తున్నావేం మేస్త్రీ" అని కొట్టువాడు సణిగాడు. టీచరమ్మ మడమతో రుద్దింది. కాలు కదల్లేదు.

"చిన్న టైల్స్ అయితే సందులెక్కువ. ప్రతి సందూ కాలిని కాస్త పట్టుకుంటుంది" అని కోడలికి చెప్పాడు మేస్త్రి. "పైగా నీళ్ళు పోయే వాటం అన్ని వైపులా చక్కగా కుదురుతుంది. పెద్ద పలక వంగదు కదమ్మా."

"మరి నలుపు అసలే వద్దా?" అంది కోడలు. అతని మొహంలోకే చూస్తూ అడిగింది.

"ఉండాలమ్మా. చేత్తో పట్టుకునేచోట ఉండాలి, కాలు పెట్టేచోట కాదు." లేత రంగు గోడకు నల్లటి పట్టుకడ్డీ, తెల్లని కమోడ్ వెనక మాత్రం ముదురు గోడ, హాలు నేలా స్నానాలగది నేలా ఒకే రంగు. అట్టముక్క నిండిపోయింది.

పాత నేలంతా పీకేశారు, నల్ల పట్టీని మాత్రం మేస్త్రి స్వయంగా ఉలి పెట్టి తీశాడు. అది ఒక పట్టాన ఊడలేదు. ఎంత గట్టిగా అతికించాడో తనకే తెలిసొచ్చింది. కొడుకు పక్కనే నిలబడి, వెంట్రుకవాసి ఎత్తు ఎక్కడా అని వెతుకుతున్నాడు. కోడలు అతన్ని ఏదో పనుందని పిలుచుకుపోయింది.

మూడు రోజులు పరిచారు. సందులు నింపే రోజు మేస్త్రి భార్య మూడు రంగుల గ్రౌటు కలిపి, మూడు చదరాల ముక్కల్లో నింపి టీచరమ్మ ముందు పెట్టింది. ఒకటి కాస్త ముదురు. "దీంట్లో వల పరిచినట్టుంది" అంది టీచరమ్మ. రెండోది తెలుపు, అదీ గీతలుగా కనబడింది. మూడోది టైలు రంగే. "ఇందులో ఏమీ లేదుగా" అంది. "అదే కావాలమ్మా" అంది మేస్త్రి భార్య. ఆ రోజు ఆవిడ ప్రతి సందూ రెండుసార్లు తుడిచింది. భర్త ఏదో సలహా చెప్పబోతే "తలుపు చట్రం" అన్న మాట కూడా అనకుండా ఊరికే నవ్వింది.

నేల బాగా ఆరాక ఒక పొద్దున్న మేస్త్రి, భార్య మళ్ళీ వచ్చారు. రమ్మని ఎవరూ అనలేదు. ఇంట్లో ఉండలేక వచ్చారు. కొడుకు ఆఫీసుకు ఆలస్యమవుతున్నా కదలకుండా నిలబడ్డాడు. టీచరమ్మ భుజాన తువ్వాలు వేసుకుని హాల్లోంచి నడిచింది. మేస్త్రి ఆవిడ పాదాలే చూస్తున్నాడు. గుమ్మం వచ్చింది. కుడికాలు మామూలుగా పడింది. ఎడమకాలూ మామూలుగానే పడింది. ఆవిడ ఇంకో రెండడుగులు వేసి ఆగింది.

"గుమ్మం ఇంకా రాలేదేమిటి?"

"దాటేశారమ్మా" అన్నాడు మేస్త్రి.

కోడలు అలవాటుకొద్దీ వెనకే లోపలికి వెళ్ళింది. "నువ్వెక్కడికి?" అంది టీచరమ్మ. కోడలు నాలిక కరుచుకుని బయటికొచ్చింది. తలుపు మూసుకుంది. పంపు తిప్పిన చప్పుడు, బకెట్ నిండే చప్పుడు, మగ్గుతో నీళ్ళు పోసుకునే చప్పుడు. నలుగురు పెద్దమనుషులు ఒక తలుపు ముందు చెవులప్పగించి నిలబడ్డారు.

ఉన్నట్టుండి నీళ్ళ చప్పుడు ఆగిపోయింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా ఏడుపు వినిపించింది.

"అత్తయ్యా!" కోడలు తలుపు మీద చెయ్యి వేసింది. "పడ్డారా? ఎక్కడ తగిలింది? లోపలికి రానా?"

"రావద్దు." టీచరమ్మ గొంతు గద్గదంగా ఉన్నా స్పష్టంగానే వచ్చింది. "పడలేదమ్మాయ్. కూర్చుని ఏడుస్తున్నా. ఎనిమిది నెలలైంది ఏడ్చుకోవడానికి నాకంటూ ఒక చోటు లేక. ఎటు తిరిగినా ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారు. కాసేపు ఏడ్చి, తల తుడుచుకుని వస్తా. మీరంతా వెళ్ళి ఎవరి పని వాళ్ళు చూసుకోండి."

కోడలు కళ్ళనిండా నీళ్ళతో తలుపు మీది చెయ్యి మెల్లగా తీసేసింది. మొగుణ్ణి భుజం పట్టి ఆఫీసు బ్యాగు వైపు నెట్టింది. తను హాల్లోకెళ్ళి టీవీ పెట్టి, చప్పుడు బాగా పెంచి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మేస్త్రీ భార్యా సామాను సంచి తీసుకుని బయటికొచ్చారు. ఆ నెల నుంచే వాళ్ళు పాత ఇళ్ళకి ఒక్కొక్కదానికీ వెళ్ళడం మొదలుపెట్టారు. కొందరు పట్టీ తీయనిచ్చారు, కొందరు ఇంత అందమైనది పీకుతావా అని గుమ్మంలోంచే పంపేశారు. ప్రతి ఇంట్లోనూ మేస్త్రి కొత్తగా నేర్చుకున్న ప్రశ్నలతో కలిపి పాతవన్నీ అడుగుతూనే ఉన్నాడు. టీచరమ్మ ఇంటికీ అప్పుడప్పుడూ వెళ్తాడు, టీ తాగుతాడు, లోకంలోని సంగతులన్నీ అడుగుతాడు. ఆ పొద్దున్న ఆవిడ దేన్ని తలుచుకుని ఏడ్చిందో మాత్రం ఇంతవరకూ అడగలేదు.